గోడ పక్క చోటు

ఆ వారమంతా దస్తగిరికి అన్నం సయించలేదు. మూడేళ్ళుగా అతను ఫకీరు చావడిలో పిల్లలకు చదువు చెబుతున్నాడు. నలభైమందిలో ముప్పైతొమ్మిదిమందికి నోరు తిరిగింది. ఒక్కడికి మాత్రం ఒక్క ముక్క రాలేదు. వాడి పేరు ఓబులేసు.

సుంకులదిన్నెలో ఆ చావడి పెట్టినవాడు లతీఫ్ షా అనే సూఫీ గురువు. హిందువులూ ముసల్మానులూ తేడా లేకుండా ఊరంతా ఆయన్ని హజ్రత్ అనే పిలిచేది. వయసు మీద పడ్డాక ఆయన దర్గాలూ పల్లెలూ తిరుగుతూ, చావడిని శిష్యుడైన దస్తగిరి చేతిలో పెట్టాడు. దస్తగిరి ఏకసంథాగ్రాహి. గురువు నోట ఒకసారి విన్నదాన్ని మళ్ళీ అడిగిన పాపాన పోలేదు. ఆ సంగతి ఊరికంతా తెలుసు. ఊరికంటే ముందు దస్తగిరికి తెలుసు.

చావడి పగ్గాలు చేతికి రాగానే అతనొక పద్ధతి పెట్టాడు. ప్రతి గురువారం పిల్లలు పాఠం అప్పజెప్పాలి. తప్పు లేకుండా చెప్పినవాళ్ళు ముందు వరసకు వస్తారు, తడబడినవాళ్ళు వెనక్కి పోతారు. కొత్తగా చేరినవాళ్ళు ఆఖరి వరసలో, గోడ పక్కన మొదలుపెట్టాలి. పాఠం ఒకసారే చెబుతాడు. "చెవులున్నవాడికి ఒకసారి చాలు" అనేది అతని ఊతపదం.

ఓబులేసు చేరిన రోజున గోడ పక్కన కూర్చున్నాడు. ఏడాది గడిచినా అక్కడినుంచి కదల్లేదు. మిగతా పిల్లలు ఎప్పుడైనా ఆ వరసలో పడ్డా, ఇంట్లో అన్ననో మామనో అడిగి నేర్చుకుని రెండు వారాల్లో పైకి వచ్చేసేవాళ్ళు. ఓబులేసు ఇంట్లో అక్షరం తెలిసినవాళ్ళు లేరు.

దస్తగిరి తిడితే ఓబులేసు తలవంచుకునేవాడు. కొడతానంటే అరచేయి చాచేవాడు. పిల్లలు తమలో తాము వల్లెవేసుకుంటుంటే ముందు వరసవాళ్ళ పెదాలకేసి గుచ్చిగుచ్చి చూసేవాడు. అవి దొంగచూపులని దస్తగిరి వాటికి వేరే దెబ్బలు వేసేవాడు.

ఒకరోజు ఓబులేసు తండ్రి చిన్నన్న చావడి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అయ్యవారూ, వీనికి సదువొస్తాదా రాదా, ఒక్క మాట జెప్పు. వస్తాదంటే పస్తులుండైనా ఈడే పెడతా. రాదంటే మాతోపాటు సున్నం బట్టీకి తోడుకపోతా."

దస్తగిరి ఆలోచించలేదు. "రాదు" అన్నాడు.

చిన్నన్న తల పంకించాడు. కొడుకు పలకను అరుగు మీద జాగ్రత్తగా పెట్టి, వాడి చేయి పట్టుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిది రోజుల తర్వాత హజ్రత్ ఊళ్ళోకి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడో లేదో దస్తగిరి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"హజ్రత్, దేవుడు అందరికీ బుద్ధి ఒకే తీరుగా ఎందుకివ్వలేదు?"

"ఎవరి గురించి బేటా?"

దస్తగిరి జరిగినదంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని గొంతులో జాలికంటే రోషమే ఎక్కువగా ఉంది. తన చేతి కింద ఒకడు చదువు రాకుండా పోయాడన్న అవమానం అతన్ని లోపల కొరుకుతోంది.

"నేనూ ఈ చావడిలోనే చదువుకున్నాను. నాకెవరైనా రెండోసారి చెప్పారా? కష్టపడ్డాను, వచ్చింది. వాడు కష్టపడలేదు."

హజ్రత్ చెంబెత్తి నీళ్ళు తాగాడు. "రేపు పొద్దున పాఠం నేను చెబుతాను. కొత్త తత్వం, నాలుగు చరణాలు. నువ్వూ వచ్చి కూర్చో" అన్నాడు.

మర్నాడు దస్తగిరి చిన్నప్పటిలాగా ఉత్సాహంగా వచ్చి, గురువు పక్కన తన పాతచోట కూర్చోబోయాడు.

"అక్కడ కాదు. ఆ గోడ పక్కన" అన్నాడు హజ్రత్.

పిల్లలు కిసుక్కుమన్నారు. దస్తగిరి కూడా నవ్వుకుంటూ వెళ్ళి ఓబులేసు చోటులో కూర్చున్నాడు. మూడేళ్ళలో అతను ఆ చోటికి ఎన్నోసార్లు వచ్చాడు గానీ, బెత్తం పట్టుకునే వచ్చాడు. అప్పుడు పాఠం ఆగి ఉండేది, అతని అరుపు మాత్రమే వినిపించేది.

ఎండ అరుగెక్కింది. గోడ అవతల కంచరివాళ్ళు పని మొదలుపెట్టారు. ఏడెనిమిది సుత్తులు ఒక్కసారిగా ఇత్తడి బిందెల మీద పడ్డాయి. గోడ అదిరింది, వీపు అదిరింది, పళ్ళు జివ్వుమన్నాయి. ముందు వరసలోకి ఆ చప్పుడు ఎక్కడో వాన పడుతున్నట్టు వినిపించేది, అంతే.

అల్లంత దూరంలో హజ్రత్ పెదాలు కదిలాయి. దస్తగిరి చెవులు రిక్కించాడు. నాలుగు చరణాల్లో అతనికి చిక్కినవి రెండే మాటలు, ఒకటి "నూనె", ఇంకొకటి "దాటి".

ముందు వరస పిల్లలు వరసగా లేచి తత్వం అప్పజెప్పారు. వాళ్ళు అటు తిరిగి చెబుతుంటే అదీ వినిపించలేదు. దస్తగిరి తనకు తెలియకుండానే పక్కకు వంగి, ఒక పిల్ల పెదాలకేసి గుచ్చిగుచ్చి చూడసాగాడు.

సుత్తులు కాస్త ఊపిరి పీల్చుకున్నప్పుడు హజ్రత్ గొంతు వినిపించింది. "దస్తగిరీ, నువ్వు చెప్పు."

"ఇంకొక్కసారి చెప్పండి, హజ్రత్."

"చెవులున్నవాడికి ఒకసారి చాలు."

దస్తగిరి లేచాడు. నూనెకూ దాటికీ మధ్య ఏవో మాటలు కుట్టి చెప్పాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. "పోయిన వారం నేను ఇట్లనే చెబితే వెనక్కి పంపినాడు" అంది ఒక పిల్ల.

హజ్రత్ మాత్రం నవ్వలేదు. పిల్లల్ని ఆడుకోమని పంపేసి, మెల్లగా నడిచి వచ్చి శిష్యుడి పక్కన చాప మీద కూర్చున్నాడు. ఆ చప్పుడులో అతని చెవికి నోరు ఆనించి మాట్లాడవలసి వచ్చింది.

"నిన్ను మొదటి రోజే నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎందుకో తెలుసా?"

తన తెలివి చూసి అని దస్తగిరి నోటిదాకా వచ్చింది. ఆగిపోయాడు. మొదటి రోజున అతనికి అయిదేళ్ళు. ఆ రోజు అతను ఏడవడం తప్ప ఇంకేమీ చేయలేదు.

"ఈ చావడికి దూలాలిచ్చింది మీ తాత. అందుకని" అన్నాడు హజ్రత్. "ఈ తప్పుకు మొదలు నేను."

దస్తగిరి తలెత్తి దూలాలకేసి చూశాడు. తర్వాత బయటికొచ్చి, ఆడుకుంటున్న ముందు వరస పిల్లనొకతెను పిలిచి ఆ తత్వం చెప్పించుకున్నాడు. అరుగు మీది పలక తీసుకుని సున్నం బట్టీ దారి పట్టాడు. వాణ్ణి తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టుకోవాలన్న ఒక్కటే ఆలోచన అతన్ని నాలుగు కోసులు నడిపించింది.

బట్టీ దగ్గర చిన్నన్న గుడిసె బయటే కూర్చుని ఉన్నాడు. లేచి దండం పెట్టాడు. లోపల ఓబులేసు పడుకుని ఉన్నాడు, కళ్ళ మీద ఆముదంలో తడిపిన గుడ్డ కట్టి ఉంది. తల్లి కొంగుతో విసురుతోంది.

"మొన్న సున్నం తడుపుతాంటే ఉడికి మొగానికి చిమ్మింది, అయ్యవారూ" అన్నాడు చిన్నన్న. "రెండూ పోయినట్టేనన్యాడు వైద్యుడు."

దస్తగిరి చేతిలోని పలకకేసి చూసుకున్నాడు. దాన్నెక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. అలా నిలబడే "ఓబులేసూ" అని పిలిచాడు.

వాడు గభాలున లేచి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ అరచేయి చాచాడు.

దస్తగిరి ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని నేల మీద కూలబడ్డాడు. గోడ పక్కన తనకు వినబడని ఆ నాలుగు చరణాలే చెప్పాడు. బట్టీ చుట్టూ మైదానం నిశ్శబ్దంగా ఉంది.

ఓబులేసు తల కాస్త వంచి విన్నాడు.

"ఈడ మీ మాట బాగ వినపడతాంది, అయ్యవారూ" అన్నాడు ఆశ్చర్యంగా.

తర్వాత నాలుగు చరణాలూ మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పాడు. ఎక్కడా తడబడలేదు.

తల్లి విసరడం ఆపేసింది. చిన్నన్న కొడుకుకేసి చూశాడు. దస్తగిరికేసి చూశాడు.

"మరి రాదంటిరే" అన్నాడు.

పొద్దు వాలుతుండగా దస్తగిరి చావడికి తిరిగొచ్చాడు. కంచరివాళ్ళు పని ముగించుకుని వెళ్ళిపోయారు. హజ్రత్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. శిష్యుడి చేతిలో పలక లేకపోవడం చూశాడు, వెంట ఎవరూ రాకపోవడం చూశాడు. దస్తగిరి ఏమీ దాచకుండా అంతా చెప్పాడు.

హజ్రత్ అడిగాడు. "తత్వం వాడికి ఎన్నిసార్లు చెప్పావు?"

దస్తగిరి వెళ్ళి గోడ పక్కన కూర్చున్నాడు.

"ఒక్కసారే" అన్నాడు.