బల్ల మీదికి వచ్చిన అగ్నిదేవుడు

ఒకానొక రాజ్యాన్ని ఏలే చండభానుడికి ఏ లోటూ లేదు. మీదికొచ్చే శత్రువు లేడు, ఊళ్ళో కరువు లేదు. లేనిదల్లా చేతికి పని. పని లేని మంగలి పిల్లి తల గొరిగాడంటారు. ఈ రాజుగారు పిల్లి జోలికి పోలేదు గానీ, ఉలీ బాడిసే పట్టుకుని వడ్రంగం మొదలుపెట్టాడు.

మూడు నెలలు తలుపులు మూసుకుని, అరచేతులు బొబ్బలెక్కేదాకా చెక్కి, చివరికి ఒక టేకు బల్ల తయారుచేశాడు. దాని నాలుగు కాళ్ళలో ఒకటి బొటనవేలంత పొట్టి. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. రాత్రికి రాత్రే ఎవరో ఆ కాలి కింద ఒక చెక్కముక్క దోపారు, అంతే.

రాజు మాత్రం రోజుకు పదిసార్లు వచ్చి బల్లను నిమిరేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! నిజం చెప్పొద్దూ, ఆ బల్లంటే ఆయనకు సింహాసనం కంటే ఎక్కువ ప్రేమ.

ఆ ప్రేమను మొదట పసిగట్టినవాడు ఆస్థాన పండితుడు వాగీశ్వరశాస్త్రి. నిండు సభలో లేచి, గొంతు సవరించుకుని, బల్ల మీద ఒక పద్యం చదివాడు. రాజహస్తం సోకిన వస్తువును అగ్ని ముట్టడు, ముట్టడానికి భయపడతాడు అని దాని భావం.

రాజు పొంగిపోయాడు. సింహాసనం దిగి వచ్చి, పట్టు శాలువా ఒకటి తన చేతులతోనే శాస్త్రి భుజాల మీద కప్పాడు. ఆనాటి నుంచి ఆ శాలువా శాస్త్రి ఒంటి మీంచి దిగలేదు. రోహిణి కార్తె ఎండల్లో కూడా చెమటలు కక్కుతూ దాన్నే కప్పుకు తిరిగాడు.

అంతటితో ఆగితే బాగానే ఉండేది. పక్క రాజ్యపు రాజు ధర్మసేనుడు విందుకు వస్తున్నాడని కబురొచ్చింది. చండభానుడికి ఒక ఆలోచన తట్టింది. వెంటనే వంటశాల పెద్ద అంకాలమ్మను సభకు పిలిపించాడు.

అంకాలమ్మ ఇరవై ఏళ్ళుగా కోటలో పొయ్యి రాజేస్తున్న మనిషి. నిప్పుల మీద కౌజుపిట్టలు కాల్చడంలో ఆమెను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మనిషి పొట్టి, మాట మాత్రం సూటి.

"అంకాలూ! ఎల్లుండి విందులో నీ బొగ్గుల కుంపటి వంటశాలలో ఉండకూడదు. తెచ్చి నా బల్ల మీద పెట్టాలి. అందరి కళ్ళ ముందు పిట్టలు కాల్చాలి. నేనూ ధర్మసేనుడూ బల్ల చుట్టూ కూర్చుని వేడివేడిగా తినాలి" అన్నాడు రాజు.

అంకాలమ్మ బల్ల వైపు ఒకసారి చూసింది. "చిత్తం ప్రభూ. కుంపటి కింద ఒక రాతిపలక వేసుకుంటాను."

"రాయా?" రాజు మీసం లేచింది. "శాస్త్రిగారి పద్యం వినలేదా? నా చేయి సోకిన కొయ్యకు నిప్పు భయమా? కింద చిన్న గుడ్డముక్క వేసినా నన్ను అవమానించినట్టే!"

"మరి... ఖర్మకాలి మచ్చ పడితే?"

ఈసారి శాస్త్రి అందుకున్నాడు. "మచ్చ పడదు. పడిందా, దోషం కొయ్యది కాదు. నిప్పు రాజేసిన చేతిది. రాజభక్తి లేని చేయి రాజేస్తేనే నిప్పు దారి తప్పుతుంది."

"అంతే!" అన్నాడు రాజు. "మచ్చ పడితే ఆ సాయంత్రానికల్లా నువ్వు పొలిమేర దాటాలి."

ఏదన్నా వేస్తే అవమానం, వేయకపోతే మచ్చ. అడకత్తెరలో పోకచెక్కలా పడింది అంకాలమ్మ బతుకు. ఏడుపొచ్చింది గానీ శాస్త్రి ముందు ఏడవడం ఇష్టం లేక, దణ్ణం పెట్టి బయటికి వచ్చేసింది.

వంటశాలలో ఆమె మొగుడు పోలయ్య బొగ్గులు చిదుపుతున్నాడు. విషయం విని చేతిలో సుత్తి పక్కన పెట్టేశాడు.

"మూటాముల్లే సర్దుకుందామే. రాజుల దగ్గర వాదమేంటి? పొరుగూళ్ళో పొయ్యి లేదా?"

"నేను తప్పు చేసి పోతే వేరే సంగతయ్యా. ఎవడో పద్యం చదివినందుకు నేనెందుకు పోవాలి? రాజుగారు చెక్కి పారేసిన టేకు ముక్కలున్నాయి కదా, ఒకటి పట్రా."

పోలయ్య తెచ్చిన ముక్క మీద ఆమె కుంపటి పెట్టింది. అరగడియ కాకముందే పొగ లేచింది. తీసి చూస్తే కుంపటి మూడు కాళ్ళూ మూడు నల్ల మచ్చలు వేశాయి. తడిగోనె వేసి చూసింది. ఆవిరి పట్టి చెక్క ఉబ్బింది. ఇనపరేకు వేసి చూసింది. రేకు కుంపటి కంటే ఎక్కువ కాలింది.

చివరికి ఆమె చూపు ఉట్టి కింద ఉన్న పాలగిన్నె మీద పడింది. చీమలు పట్టకుండా దాన్ని నీళ్ళ పళ్ళెంలో పెట్టి ఉంచారు. "చీమను ఆపే నీళ్ళు వేడిని ఆపలేవా?" అనుకుంది అంకాలమ్మ.

చెక్క మీద నాలుగు ఇటుకలు పేర్చింది. వాటి మీద నాపరాయి పలక, పలక మీద వెడల్పాటి ఇత్తడి పళ్ళెం నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో కుంపటి. గంటసేపు బొగ్గులు భగభగలాడాయి. తర్వాత ఇటుకల సందులో చేయి దూర్చి చెక్కను తాకింది. తెల్లారగట్ల కుండలా చల్లగా ఉంది.

"బల్ల బతికింది!" అన్నాడు పోలయ్య.

"బల్ల బతికితే సరా? ఇటుక చూడగానే రాజుగారు నన్ను తరిమేస్తారు. ఈ ఇటుకల్ని ఆయన చేతే పెట్టించాలి" అంది అంకాలమ్మ.

విందు రోజు వచ్చింది. బల్లకు ఒకవైపు చండభానుడు, ఎదురుగా ధర్మసేనుడు. కాస్త ఎడంగా అరటాకు ముందు శాస్త్రి, శాలువాతో సహా. ఆయన మాంసం ముట్టడు కనక ఆయన కోసం నాలుగు వంకాయలు కాల్చే ఏర్పాటు జరిగింది.

అంకాలమ్మ కుంపటికి పసుపు రాసి, బొట్లు పెట్టి, దాన్ని పోలయ్య చేత మోయించుకుంటూ వచ్చింది. బల్ల దగ్గర ఆగి, శాస్త్రికి వంగి దణ్ణం పెట్టింది.

"శాస్త్రిగారూ, మొద్దుదాన్ని, ఒక సందేహం తీర్చాలి. అగ్ని ఉత్త నిప్పా, దేవుడా?"

చదువు ప్రదర్శించే అవకాశం దొరికితే శాస్త్రి వదులుతాడా? "దేవుడే! దేవతలందరికీ ఆయనే నోరు. దిక్పాలకుడు!"

"అట్టాంటి దేవుడు ఇంటికొస్తే ఇంటాయన మొదట ఏం చేయాలండీ?"

"ఇదీ తెలియదా? ముందు ఆవాహనం, తర్వాత ఆసనం ఇచ్చి కూర్చోబెట్టాలి. పాద్యం ఇవ్వాలి, అంటే కాళ్ళకు నీళ్ళు. ఆ తర్వాతే తక్కినవన్నీ."

"పీట వేయకుండా, కాళ్ళకు నీళ్ళివ్వకుండా దేవుణ్ణి నిలబెడితేనో?"

"అపచారం! మహాపచారం! ఆ యజమానికి శ్రేయస్సు ఉండదు!" శాస్త్రి కంఠం సభ పైకప్పుకు తగిలింది.

అంకాలమ్మ రాజు వైపు తిరిగింది. "మహారాజా, ఇవాళ తమ బల్ల మీదికి సాక్షాత్తూ అగ్నిదేవుడే వస్తున్నాడు. ఇంటి యజమానులు తమరు. అతిథి రాజుగారు చూస్తుండగా ఆయన్ను పీటా నీళ్ళూ లేకుండా నిలబెట్టమంటారా? తమరు ఎట్లా ఆజ్ఞాపిస్తే అట్లా."

చండభానుడు ధర్మసేనుడి ముఖం చూశాడు. ధర్మసేనుడు ఆసక్తిగా చూస్తున్నాడు. పరాయి రాజు ఎదుట మర్యాద తెలియనివాడు అనిపించుకోవడం ఏ రాజుకు ఇష్టం? పైగా శాస్త్రం చెప్పినవాడు తన శాస్త్రే.

"అపచారం జరగరాదు! అగ్నిదేవుడికి ఆసనం వేయండి. పాద్యం ఇవ్వండి" అన్నాడు రాజు గంభీరంగా.

ఆ మాట కోసమే కాచుకుని ఉన్న పోలయ్య పసుపు పూసిన నాలుగు ఇటుకలు తెచ్చి రాజు చేతికిచ్చాడు. రాజు స్వయంగా పేర్చాడు. పలక వచ్చింది, పళ్ళెం వచ్చింది. పాద్యం కూడా రాజే బిందెతో పోశాడు. కుంపటి దిగి, తన మూడు కాళ్ళూ చల్లని నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది.

పిట్టల కొవ్వు బొగ్గుల మీద పడి చురచురమంటుంటే సభంతా కమ్మని వాసన. ధర్మసేనుడు ఆరు పిట్టలు తిని ఏడో దాని వైపు చేయి చాచాడు.

అప్పటికి గాని శాస్త్రికి వెలగలేదు. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. వంకాయ వదిలేసి లేచాడు.

"ప్రభూ, మోసం! ఇది ఆసనమూ కాదు, పాద్యమూ కాదు. బల్ల కాలుతుందన్న భయంతో ఈ వంటమనిషి వేసిన ఎత్తు! తమ హస్తమహిమను శంకించింది. ఇది రాజద్రోహం!"

రాజు చేతిలో పిట్ట చేతిలోనే ఉండిపోయింది. "అంకాలూ! నిజమేనా?"

ఇక్కడ తడబడితే ఇరవై ఏళ్ళ పొయ్యి ఆరిపోయినట్టే. అంకాలమ్మ పటకారు అందుకుంది.

"శంక ఉంటే తీర్చుకుందాం ప్రభూ. అందుకు బల్లే ఎందుకు? తమ హస్తం సోకిన వస్తువు శాస్త్రిగారి భుజం మీదే ఉంది. ఆ శాలువా తమ చేతులతో తమరే కప్పారు. దాన్నీ అగ్ని ముట్టకూడదు కదా!" అంటూ పటకారుతో ఎర్రటి బొగ్గు ఒకటి తీసింది. "శాస్త్రిగారూ, కాస్త ఇటు వంగండి. ఒక్క బొగ్గు పెట్టి చూద్దాం. కాలకపోతే ఇప్పుడే ఇటుకలు తీసేసి కుంపటిని బల్ల మీద పెడతాను."

శాస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు. అంకాలమ్మ రెండడుగులు ముందుకు వేసింది.

"దూరంగా జరుగు! పట్టు శాలువా, కాలిపోదూ!" అని కేకపెట్టి, శాలువా లాగి ఉండగా చుట్టి చంకలో దాచుకున్నాడు శాస్త్రి.

ఆ మాట సభంతా విన్నది. శాస్త్రి కూడా తన మాట తాను విని, అక్కడే కొయ్యబారిపోయాడు.

మొదట ధర్మసేనుడు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. చండభానుడు చేతిలోని పిట్టను పక్కన పెట్టాడు. వంగి, ఇటుకల సందులో చేయి దూర్చి, బల్లను మెల్లగా నిమిరాడు. చల్లగా ఉంది. ఎక్కడా మచ్చ లేదు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"మూడు నెలలు చెక్కాను అంకాలూ. ఈ పద్యం నమ్మి నా చేత్తో నేనే కాల్చుకునేవాణ్ణి" అన్నాడు.

ఆపైన నవ్వు వచ్చింది. చిన్నగా మొదలై, పొట్ట పట్టుకునేదాకా పెరిగింది. ధర్మసేనుడు చేయి తీసేసి నవ్వాడు. మంత్రులు నవ్వారు, ద్వారం దగ్గర భటులు నవ్వారు. శాస్త్రి మాత్రం ఆకు ముందు కూర్చుని, తల ఎత్తకుండా వంకాయ ఒలుచుకోసాగాడు.

రాజు తన చేతి బంగారు కంకణం తీసి అంకాలమ్మ చేతికి తొడిగాడు. "ఇది బహుమతి. ఇక ఆజ్ఞ వినండి. ఈ కోటలో నిప్పు ఉన్న ప్రతిచోటా అంకాలమ్మదే పైమాట. ఆమె మాటకు నేను కూడా ఎదురు చెప్పకూడదు!"

"నిజంగానా ప్రభూ? తమరు కూడానా?"

"నేను కూడా. రాజు మాట!"

"అయితే ప్రభూ, మాటలు ఆపి కూర్చోండి. పిట్టలు మాడిపోతున్నాయి" అంది అంకాలమ్మ.

చండభాను మహారాజు కిమ్మనకుండా కూర్చున్నాడు.