మూడుసార్లు జరిపిన గీత

అనగనగా ఒక మడ అడవి. మడ అడవి అంటే తెలుసుగా పిల్లలూ? సముద్రం ఒడ్డున, ఉప్పు బురదలో, వేళ్ళు పైకి పెట్టి ఊపిరి పీల్చుకునే చెట్ల అడవి. అక్కడ పగలు కూడా మసకమసకగానే ఉంటుంది. దగ్గరికి జరగండి, చెబుతాను. భయమేస్తే నా చెయ్యి పట్టుకోండి. కథ మాత్రం ఆపమనకండి.

ఆ అడవిలో రత్తాలు అనే ముంగిస ఉండేది. దానికి మూడు పిల్లలు. చలికాలమంతా గోళ్ళు అరిగేలా తవ్వి, ఆ పిల్లల కోసం మూడు గదుల బొరియ చేసుకుంది. "మా బొరియలాంటిది ఈ చుట్టుపక్కల లేదు" అని ఎదురైన వాళ్ళందరికీ చెప్పేది. చెప్పుకోదూ మరి, అంత కష్టపడ్డాక!

ఆ ఏడు సముద్రం తీరు మారింది. ఇదివరకు పోటు వస్తే హోరుమని చప్పుడు చేస్తూ వచ్చేది. ఇప్పుడు చప్పుడు లేకుండా వస్తోంది. నిన్న పొడిగా ఉన్న చోట ఇవాళ నీళ్ళు నిలబడి ఉంటున్నాయి. అందరూ తాగే చెలమ నీళ్ళు ఉప్పనయ్యాయి. పీతలు బురద వదిలేసి చెట్లెక్కాయి. కొమ్మల మీద కదలకుండా కూర్చుని, అన్నీ సముద్రం వైపే చూస్తున్నాయి. ఎందుకు చూస్తున్నారని అడిగితే ఒక్కటీ పలకదు.

ఆ అడవి పంచాయితీకి పెద్ద ఒక ముసలి తాబేలు. అందరూ తాతమ్మ అని పిలిచేవాళ్ళు. తాతమ్మ ఆలోచించి ఆలోచించి, ఒకరోజు తన డొప్పను ఇసుకలో ఈడ్చుకుంటూ అడవి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ఆ వెంటే పొడుగాటి గీత పడింది.

"ఏటేటా ఎండలు ముదురుతున్నాయి. సముద్రం ఉబ్బుతోంది" అంది తాతమ్మ. "ఈ గీతకు సముద్రం వైపు ఎవరి ఇల్లూ ఉండకూడదు. అక్కడివాళ్ళంతా ఇసుకదిబ్బ మీదికి వెళ్ళాలి. ఖాళీ అయిన చోట మడ మొలకలు నాటుదాం. అవి పెరిగితే అలలకు అడ్డం నిలుస్తాయి. ఇది ముసాయిదా. అంటే ఇంకా గట్టిపడని నిర్ణయం. అభ్యంతరాలుంటే చెప్పుకోండి. మూడు సభలు పెడతాను."

ఇక్కడ ఆ అడవివాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. సభలో ఒకరు అడిగినదాన్ని ఇంకొకరు కాదనరు. కాదంటే రేపు మొహం మొహం ఎలా చూసుకుంటామని వాళ్ళ బాధ. ఇవాళ నీ మాటకు నేను తలూపితే, రేపు నా మాటకు నువ్వు ఊపుతావు. దాన్ని వాళ్ళు మర్యాద అనేవాళ్ళు. నన్నడిగితే వట్టి మొహమాటం.

మొదటి సభ జరిగింది. అడవిపంది లేచింది.

"తాతమ్మా, నాకు తుంగదుంపలు దొరికేది గీత కిందేనండి. అక్కడ మొలకలు నాటితే నేనేం తినాలి? గీత కాస్త కిందికి జరపండి."

"పాపం, జరపండి, జరపండి" అని అందరూ తలలూపారు.

అందరి వెనకా ఎవరో ఒకరు కూర్చున్నారు. ఒళ్ళంతా తడి. మసకలో మొహం కనబడలేదు. ఆ ఎవరో కూడా మెల్లగా తల ఊపారు. పక్క ఊరి చుట్టమేమో అనుకుని ఎవరూ పలకరించలేదు. తాతమ్మ మళ్ళీ డొప్ప ఈడ్చుకుంటూ, సముద్రానికి ఇంకొంచెం దగ్గరగా గీత గీసింది. మర్నాటికి పాత గీత చెమ్మగిల్లి ఉంది.

రెండో సభ జరిగింది. నక్క లేచింది.

"మా తాతల నాటి బొరియ అది. నేను దిబ్బెక్కితే వాళ్ళ పరువేం గానూ? నాకోసం ఇంకొంచెం జరపండి తాతమ్మా."

రత్తాలు నాలిక చివరి దాకా మాట వచ్చింది. తన బొరియ కూడా గీతకు సముద్రం వైపే ఉంది. పొద్దున్నే దాని అడుగు గదిలో మట్టి నాకి చూసింది. ఉప్పగా ఉంది. తాతమ్మ మొదటి గీతే సరైనదని దానికి అర్థమైంది. "వద్దు, జరపొద్దు" అందామనుకుంది. కానీ రేపటి సభలో తనూ అడగాలి కదా? ఇవాళ నక్కను కాదంటే రేపు తనకెవరు తలూపుతారు?

"జరపండి, బావగారు అంతగా అడుగుతుంటే" అంది రత్తాలు.

తడి ఒంటితో ఉన్న ఆ ఎవరో ఈసారి సభ మధ్యలో కూర్చున్నారు. వాళ్ళ పక్కన కూర్చున్న కుందేలుకు కారణం లేకుండా వణుకు పుట్టింది.

మూడో సభలో రత్తాలు లేచింది. "పసిపిల్లల తల్లినండి. ఈ బొరియ వదిలి ఎక్కడికి పోను?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందరూ తలూపారు. గీత ఇప్పుడు సముద్రం అంచుకే వచ్చేసింది. దానికి ఆవల ఒక్క ఇల్లూ లేదు, ఖాళీ చెయ్యాల్సినవాళ్ళూ లేరు.

"ఇంకెవరికైనా అభ్యంతరం ఉందా?" అని తాతమ్మ నీరసంగా అడిగింది.

రత్తాలు పక్కనే కూర్చున్న ఆ ఎవరో నోరు తెరిచారు.

"నాకేం అభ్యంతరం లేదు. మీరు దిగుతూ ఉండండి. నేను ఎక్కుతూ ఉంటాను."

అందరూ గబుక్కున తిరిగారు. అక్కడ ఎవరూ లేరు. గుంటలో ఉప్పునీళ్ళు, అందులో ఒక చిన్న చేప. సభకు వచ్చి కూర్చున్నది సముద్రమేనని అందరికీ తెలిసిపోయింది.

తాతమ్మ తేరుకుని అంది. "ఇప్పటికైనా గీతను మొదటి చోటికే తీసుకుపోదాం. ఎవరైనా ఒక్కరు ఆ మాట అనండి. నేను గీస్తాను."

రత్తాలు పంది వైపు చూసింది. పంది నక్క వైపు చూసింది. నక్క నేల చూపులు చూసింది. గీత పైకి జరపాలంటే మొన్న తలూపినవాళ్ళే ఇప్పుడు కాదనాలి. మొహం మీద ఎలా అంటారు? ఎవరూ అనలేదు. సభ ముగిసింది. తాతమ్మ కూడా తన మాట తాను గట్టిగా అనలేకపోయింది. పెద్దరికానికీ మొహమాటమే!

పున్నమి నాడు మిట్టమధ్యాహ్నం పొగమంచు కమ్మింది. ఎండాకాలంలో పొగమంచేమిటని అనుకునేలోపు నీళ్ళు వచ్చేశాయి. అల లేదు, హోరు లేదు. రత్తాలు పాదాలు తడిశాక గానీ దానికి తెలియలేదు.

పెద్దపిల్లను నోట కరుచుకుని దిబ్బ మీదికి పరుగెత్తింది. తిరిగి వచ్చి రెండోదాన్ని కరుచుకుని పరుగెత్తింది. మూడోసారి వచ్చేసరికి బొరియ లేదు. బొరియ ఉన్న చోట నీళ్ళు, అద్దంలా కదలకుండా ఉన్నాయి.

"నా చిన్నది! నా చిన్నదాన్ని ఇచ్చెయ్యి!" అని రత్తాలు గుండె పగిలేలా అరిచింది.

నీళ్ళలోంచి ఆ గొంతు వినిపించింది. కోపంగా లేదు. మెల్లగా, అలసటగా ఉంది.

"వెనక్కి ఇవ్వడం నాకు చేతకాదమ్మా. ఎదురుగా ఏదీ లేకపోతే రావడమే నాకు తెలుసు. మీలో ఒక్కరైనా 'వద్దు' అంటారేమోనని మూడు సభలకూ వచ్చి కూర్చున్నాను. ఎవరూ అనలేదు."

నాకు ఈ చోట చెప్పడానికి కష్టంగా ఉంటుంది పిల్లలూ. కానీ చెప్పకపోతే ఇది కథే కాదు. చిన్నది మళ్ళీ రాలేదు.

మిగిలినవాళ్ళు దిబ్బ మీద తలదాచుకున్నారు. కొన్నాళ్ళకు తాతమ్మ దిబ్బ అంచున మళ్ళీ గీత గీసి సభ పెట్టింది. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. కాసేపటికి పంది మెల్లగా గొంతు సవరించుకుంది.

"అది కాదు తాతమ్మా, ఆ గీత అవతల ఒక్క చిన్న జాగాలో మంచి దుంపలున్నాయండి. కాస్త జరిపితే..."

అలవాటు చొప్పున తలలు ఊగబోయాయి. రత్తాలు లేచి నిలబడింది. పందంటే దానికి కోపం లేదు. వరద రోజున రెండో పిల్లను దిబ్బెక్కించడానికి వీపు అందించింది ఆ పందే.

"వద్దు బావా" అంది రత్తాలు. "నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే. గీత జరపడానికి వీల్లేదు."

పంది దాని మొహంలోకి చూసింది. తర్వాత వెళ్ళి, ఒక మడ మొలక నోట కరుచుకుని, గీత అవతల బురదలోకి దిగింది. దాని వెనక నక్క దిగింది. ఆ రోజు చీకటి పడకముందే అంచంతా మొలకలు నాటారు.

నీతి: అందరి మేలు కోసం గీసిన గీతను మొహమాటానికి జరపకూడదు. ఆపద రాకముందే 'వద్దు' అని చెప్పగలిగినవాడే అసలైన ఆప్తుడు.