చివరి విస్తరి

రండి తల్లులారా, నాయనలారా, దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ రామయ్య సాక్షిగా చెబుతున్నా, ఈ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది!

పాలకోన బడిలో ఘంటయ్యశాస్త్రి పాఠం గడగడా చెప్పుకుంటూ పోయేవాడు. ముందు వరుస పిల్లలు అందుకునేవాళ్ళు. వెనక పిల్లలు "అర్థం కాలేదయ్యా" అంటే బెత్తం లేచేది. చివరికి, "వెనక కూర్చునేవాళ్ళంతా మొద్దులు ప్రభూ, వెళ్ళగొట్టండి" అని రాజుగారికి విన్నవించుకున్నాడు. పసిబిడ్డలనండీ! వాళ్ళలో పూటకూళ్ళ పేరిందేవి మనవడూ ఉన్నాడు.

విచారణకు రాజుగారు బడికే వచ్చారు. ముందుగా భోజనాలు. వడ్డన పేరిందేవిదే. శాస్త్రిని పంక్తి చివర కూర్చోబెట్టి, ముందున్నవాళ్ళ విస్తళ్ళు నింపి, అతని ముందు నుంచి పరుగున వెళ్ళిపోయి, "వడ్డన అయిపోయింది" అంది.

"ఏమే, నా విస్తరి ఖాళీగా ఉంటేనూ!"

"అందరికీ ఒకటే వడ్డన అయ్యగారూ. మిగతావాళ్ళు తింటున్నారుగా! మీకే తినడం చేతకాదు. ప్రభూ, ఈయన్ని పంక్తిలోంచి లేపేయండి."

"వడ్డించడం చేతకానిది నీకే! నేను ఆకలితో కూర్చున్నాను!" అరిచాడు శాస్త్రి.

"మా పిల్లలూ అలాగే కూర్చున్నారయ్యా, ఏడాదిగా."

శాస్త్రి తల దించుకున్నాడు. "ఒక్క బిడ్డా బడి వదలడు. చివరి బిడ్డకు అర్థమయ్యాకే మరో పాఠం" అన్నారు రాజుగారు.

అప్పుడు పేరిందేవి వెనక్కి వచ్చి, శాస్త్రికే కొసరి కొసరి వడ్డించి, "సరిపోయిందా నాయనా?" అని అడిగింది. అదొక్కటీ గుర్తుపెట్టుకోండి. మీరూ చివరివాడి దగ్గర ఆగి, అలాగే అడగండి.