సీమ పలకకు సన్మానం

రత్నగిరి రాజు మకరధ్వజుడికి ఉక్కపోత అంటే గిట్టదు, కరెంటు పంకా అంటే ప్రాణం. రాజులకాలంలో కరెంటేమిటని అడ్డు రాకండి, నా కథలో ఉంది. కోట మిద్దె మీద సోలార్ పలకలు, ఊరి చివర వాటిని చేసే కార్ఖానా. దానికి స్థలమిచ్చిందీ, పన్ను మాఫీ చేసిందీ రాజుగారే.

దసరా నాటి నుంచీ నీరసంగా తిరుగుతున్న పంకా, వారానికి నిండుకొలువులో ఆగిపోయింది.

"ఏమిటీ ఉక్క!" అని రాజు మండిపడ్డాడు.

మంత్రి ప్రచండుడు ఇదే అదననుకున్నాడు. ఆయనకు చెప్పుల దగ్గర్నుంచీ పరదేశం నుంచి వచ్చే సీమ సరుకే కావాలి.

"ప్రభూ, ఆయుధపూజనాడు ఆ పలకలకు దగ్గరుండి పసుపు పూయించాను, బొట్లు పెట్టించాను, దండలు వేయించాను. అయినా పనిచేయవే! నాటు సరుకు మరి. కార్ఖానా మూసేసి సీమ పలకలు తెప్పిద్దాం."

"రేపే మూసేయండి!" అన్నాడు రాజు.

పక్కనున్న నౌకరు తిరుపాలు ముందుకొచ్చి చేతులు జోడించాడు. కరెంటు రాకముందు రాజుగారి పంకా తాడు లాగినవాడు. ఇప్పుడు వాడి పెళ్లాం ఓబులమ్మ ఆ కార్ఖానాలోనే పలకలు బిగిస్తోంది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె కష్టంతోనే.

"ప్రభూ, మూసేముందు ఒక్క పోటీ పెట్టండి. మన పలక ఒకటి, మంత్రిగారి మేడ మీది సీమ పలక ఒకటి, చెరో పంకా. కాకపోతే సీమ పలక అతిథి కదా, మనవాటికి చేసిన మర్యాద దానికీ చేయాలి."

"అంతకంటే ఘనంగా చేస్తా!" అన్నాడు మంత్రి.

మర్నాడు సీమ పలకకు గిన్నెడు పసుపు, చందనం, మూరలకొద్దీ బంతిపూలు, పైన మంత్రిగారి పట్టు శాలువా. తిరుపాలేమో మిద్దె మీది పలక ఒకటి దించి, ఎండెక్కకముందే నీళ్లు పోసి, మెత్తటి పాత పంచెతో తుడిచాడు.

"పాపం, దీనికి స్నానమే గతి!" అని మంత్రి ఎగతాళి చేశాడు.

ఎండ పడింది. నాటు పలక పంకా గిర్రున తిరిగింది. సీమ పలక పంకా కదిలితే ఒట్టు.

మంత్రికి చెమటలు పట్టాయి. "ఎలా తిరుగుతుందిరా మొద్దూ! ముందు ఆ శాలువా, పూలూ తీసి పసుపు కడుగు. పలకకు ఎండ తగలొద్దూ?"

తిరుపాలు చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, మిద్దె మీద మా పలకలు వారం రోజులుగా మొత్తుకుంటున్నదీ అదే."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కార్ఖానాకు మరో పదేళ్లు పన్ను మాఫీ చేశాడు. వారం వారం మిద్దె మీది పలకలు కడిగే పని మంత్రికి అప్పగించాడు. తిరుపాలుకు దక్కిన బహుమానం ఆ పట్టు శాలువా.

"ఓబులమ్మకివ్వరా, కప్పుకుంటుంది," అన్నాడు రాజు, "పలక మీద మాత్రం కప్పొద్దని చెప్పు!"