డీజిల్ మూత మీద బొట్టు

గోదావరి మధ్యలో ఒక లంక. అక్కడ ఒకప్పుడు మనుషులు ఉండేవారు. ఏటేటా వచ్చే వరదలకు విసిగి ఒడ్డుకు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ ఒక డీజిల్ ఇంజనును మోసుకెళ్ళలేక వదిలేశారు. ఇప్పుడు ఆ లంకలో జంతువుల సంసారమంతా ఆ ఇంజను మీదే నడుస్తోంది. అది ఏట్లో నీళ్ళు తోడితే పన్నెండు వరసల మొక్కజొన్న తడుస్తుంది. ఇసుక నేల కాబట్టి పొద్దున పెట్టిన తడి సాయంత్రానికి ఉండదు. నాలుగు రోజులు నీళ్ళు అందకపోతే పంట ఎండిపోతుంది, ఆ తర్వాత అందరి కడుపులూ ఎండుతాయి.

ఇంజను బాధ్యత పోలయ్యది. పోలయ్య ముసలి ఎద్దు. కొమ్ముతో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తాడు. ఏదైనా అడిగితే నోట్లో మేత నమలడం పూర్తయ్యాకే జవాబు చెప్తాడు, ఈలోగా అడిగినవాళ్ళు ప్రశ్న మర్చిపోతారు. నీళ్ళు మళ్ళించేది నూకాలు అనే కోడి. కాళ్ళతో గట్టు గీకి, వరస తర్వాత వరసకు దారి తెరుస్తుంది. ఇక సీతాలు అనే మేక ఉంది. ఆవిడ పని భక్తి.

దసరాకి సీతాలు ఇంజనుకు పూజ చేసింది. చక్రానికి, హ్యాండిల్‌కి, పంపుకి, డీజిల్ ట్యాంకు మూతకి పసుపు ముద్ద అద్ది కుంకుమ బొట్టు పెట్టింది. అక్కడితో ఊరుకుంటే సీతాలు ఎందుకవుతుంది. ప్రతి శుక్రవారం వచ్చి, పాత బొట్టు మీదే కొత్త బొట్టు పెట్టేది. పెట్టిన బొట్టు చెరపకూడదని ఆవిడ నమ్మకం. చక్రం మీదిది తిరుగుడుకు రాలిపోయేది, హ్యాండిల్ మీదిది పోలయ్య కొమ్ముకు అంటుకునేది. కదలకుండా కూర్చున్నది మూత ఒక్కటే. సంక్రాంతి నెల పట్టేసరికి దాని మీద బొట్టు ఇడ్లీ అంత అయింది.

ఒక రోజు ఇంజను నాలుగో వరస తడుస్తుండగా డుగ్ డుగ్ మని దగ్గి ఆగిపోయింది. పోలయ్య ఎంత తిప్పినా లేవలేదు.

"దిష్టి తగిలింది" అంది సీతాలు.

"దిష్టి తగలడానికి అదేమన్నా పెళ్ళికూతురా?" అంది నూకాలు.

సరిగ్గా అప్పుడే తుప్పల్లోంచి గవర్రాజు వచ్చాడు. గవర్రాజు నక్క. ఏటి ఒడ్డున దొరికిన పాత స్పానర్ ఒకటి భుజాన వేసుకుని తిరుగుతూ, ఆ మధ్యనుంచీ మెకానిక్‌నని చెప్పుకుంటున్నాడు. దానితో అతను ఒక్క నట్టు విప్పగా ఎవరూ చూడలేదు.

"ఆయ్, ఏంటండీ, ఇంజను మాట్లాడ్డం లేదా? నేను చూస్తానండి. కానీ మా గురువుగారి కట్టడి ఒకటుందండి. పని చేసేటప్పుడు ఎవరూ చూడకూడదు. అందరూ అటు తిరగండి."

అందరూ అటు తిరిగారు. వెనకాల స్పానర్ చప్పుళ్ళు టంగు టంగుమని వినిపించాయి. నక్క గొణుగుడు వినిపించింది. మధ్యలో 'ఉస్సు' మని చిన్న చప్పుడొకటి వచ్చింది. "ఇప్పుడు తిప్పండి పోలయ్యగారూ" అన్నాడు గవర్రాజు. తిప్పగానే ఇంజను లేచింది. సీతాలు రెండు ముందుకాళ్ళూ జోడించింది. నూకాలు కృతజ్ఞతగా రెండు గుడ్లు ఇచ్చింది.

అయితే ఎనిమిదో వరసలో ఇంజను మళ్ళీ ఆగింది. గవర్రాజు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ గుడ్లు పట్టుకెళ్ళాడు. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి నూకాలు గూట్లో గుడ్డు మిగల్లేదు. గవర్రాజు మాత్రం నున్నగా తేలాడు.

"ఇదేం జబ్బు గవర్రాజూ? పూర్తిగా నయం కాదా?" అని అడిగింది నూకాలు.

"లోపల గుండెకాయ పాడైందమ్మా. నా చెయ్యి పడినంతసేపే కొట్టుకుంటుంది. పెద్ద వైద్యం చెయ్యాలి. దానికి ఉత్తి గుడ్లు చాలవు చెల్లెమ్మా. రేపు ఇంజను బాగుచేశాక నువ్వు మా ఇంటికి ఒక పూట భోజనానికి రావాలి."

"భోంచెయ్యడానికా?"

"మా ఇంట్లో ఆ ఏర్పాట్లు నేను చూసుకుంటానులే" అన్నాడు గవర్రాజు, మీసాలు దువ్వుకుంటూ.

వెళ్తే తిరిగి రానని నూకాలుకు తెలుసు. వెళ్ళకపోతే లంకంతా పస్తులుంటుందనీ తెలుసు. పోలయ్య దగ్గరికి పోయి ఏడ్చింది.

"నేను పోతే మీరంతా బతుకుతారు. నా పిల్లల్ని చూసుకో మావయ్యా."

పోలయ్య మేత నమిలాడు. మింగాడు. అప్పుడు అన్నాడు: "జబ్బు చేసినవాడు రోజుకో చోట పడిపోతాడు. ఇది లెక్కగా నాలుగేసి వరసలకే పడిపోతోంది. ఏడవడం కాసేపు ఆపు, చూద్దాం."

గవర్రాజు తిన్నదరగక పడుకున్న వేళ చూసి పోలయ్య ఇంజను స్టార్ట్ చేశాడు. నాలుగో వరసకు ఆగింది. ఈసారి కంగారు పడకుండా ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టాడు. ఆయిల్ ఉంది. గాలి పీల్చే ఫిల్టర్‌లో ఇసుక ఉంది, దులిపి పెట్టాడు. అయినా లేవలేదు. డీజిల్ ఉందో లేదో చూద్దామని పళ్ళతో ట్యాంకు మూత తిప్పాడు. మూత వదులవగానే 'ఉస్సు' మంది. వారం రోజులుగా వీపు వెనక విన్న చప్పుడది. హ్యాండిల్ తిప్పితే ఇంజను బుద్ధిగా లేచింది.

పోలయ్య మూతను నేల మీద పెట్టి తదేకంగా చూశాడు. తర్వాత తన గరుకు నాలుకతో బొట్టు మొత్తం నాకేశాడు.

అప్పుడే వచ్చిన సీతాలుకి ప్రాణం పోయినంత పనైంది. "బొట్టు చెరిపేశావా మావా. ఇంకేముంది, మనం మునిగిపోయాం."

"ఇలా వచ్చి చూడు."

మూత నడిమధ్యలో సూది మొనంత రంధ్రం ఉంది. లోపల ఇంకా పసుపు ఇరుక్కుని ఉంది. పోలయ్య తుమ్మముల్లుతో దాన్ని తోడేశాడు.

"కొబ్బరిబొండానికి ఒకటే కన్నం పెట్టి వంచితే ఏమవుతుంది?"

"నీళ్ళు ఆగి ఆగి వస్తాయి."

"రెండో కన్నం పెడితే?"

"ధారగా వస్తాయి" అని, సీతాలు నెమ్మదిగా మూత వైపు చూసింది. "లోపలికి గాలి వెళ్తేనే కదా బయటికి దిగేది." ఆవిడ ముఖం చిన్నబోయింది. "అయితే దీని గొంతు నులిమింది నేనా?"

"భక్తితోనే నులిమావులే. ఇకనుంచి బొట్టు ట్యాంకు పక్కన పెట్టు. అక్కడ ఎంత పెట్టినా ఇంజనుకు అభ్యంతరం లేదు."

మర్నాడు పొద్దున్నే గవర్రాజు తల దువ్వుకుని వచ్చాడు. పోలయ్య అతన్ని గట్టు మీద కూర్చోబెట్టాడు.

"ఇంజను ఆగి, నువ్వు బాగుచేస్తే నూకాలు నీతో వస్తుంది. మరి పన్నెండు వరసలూ తడిసేదాకా ఆగకపోతే?"

గవర్రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆగకపోతే నేను ఈ ఇంజనుకు జీవితాంతం సేవ చేస్తానండి. దుమ్ము దులుపుతాను, ఆయిల్ పోస్తాను, గ్రీజు పెడతాను. సరేనా?"

"అందరూ విన్నారుగా" అన్నాడు పోలయ్య, హ్యాండిల్ తిప్పుతూ.

ఒకటి, రెండు, మూడు వరసలు తడిశాయి. నాలుగోదానికి నీళ్ళు మళ్ళగానే గవర్రాజు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. నాలుగోది నిండింది. ఇంజను డుగ్ డుగ్ మంటూనే ఉంది. ఐదోది నిండింది. గవర్రాజు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆరోది నిండేసరికి, ఏదో పని ఉన్నట్టు ఇంజను చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. పిడికిట్లో తడి మట్టి ముద్ద ఉంది. మూత మీద రోజూ ఉండే బొట్టు లేదని గమనించి, దాని బదులు ఇది అద్దుదామని వెనక్కాళ్ళ మీద లేచి చెయ్యి చాచాడు. చూపంతా మూత మీదే ఉండడంతో తోక ఎక్కడ ఆనిందో చూసుకోలేదు. అది పొగగొట్టం మీద ఆనింది. గవర్రాజు కేక పెట్టి కాలువలోకి దూకాడు.

"నడుస్తున్న ఇంజను దగ్గర తోక జాగ్రత్తగా పెట్టుకోవాలని మీ గురువుగారు చెప్పలేదా?" అని అడిగింది నూకాలు, పదకొండో వరసకు దారి తెరుస్తూ.

పన్నెండో వరస కూడా తడిశాక పోలయ్యే ఇంజను ఆపాడు. గవర్రాజు నీళ్ళోడుతూ కూర్చుని నిజం ఒప్పుకున్నాడు.

"నాకేమీ రాదండి. మొదటిరోజు డీజిల్ ఉందేమో చూద్దామని మూత తీశానంతే. అది లేచింది. ఎందుకు లేచిందో నాకు ఇప్పటికీ తెలీదు."

"ఇప్పుడు తెలుసుకుంటావులే" అని పోలయ్య ఒక గుడ్డపీలిక అతని ముందు పడేశాడు.

ఆ రోజునుంచీ గవర్రాజు తెల్లారగానే వచ్చి ఫిల్టర్ దులుపుతాడు, ఆయిల్ చూస్తాడు, బెల్టు నొక్కి బిగువు చూస్తాడు, ముల్లుతో మూత రంధ్రం తోడతాడు. మొదట్లో తిట్టుకుంటూ చేసేవాడు. ఈమధ్య ఇంజను శబ్దం కాస్త మారినా, తిండి మధ్యలో లేచి పరిగెత్తుతున్నాడట. నూకాలు మాత్రం అతను ఇంజను దగ్గర ఉన్నంతసేపూ కాలువ అవతలి గట్టు మీదే మేస్తుంది.

యంత్రానికి మొక్కేవాళ్ళు దాని మూతకు రంధ్రం ఎందుకుందో కూడా తెలుసుకోవాలి. లేకపోతే మూత తీసినవాడే దేవుడైపోతాడు.