మూడు నెలల అప్‌గ్రేడు, దాలమ్మ ఒక్క కమాండు

పిప్పలపురి రాజుగారి కొలువులో ఏనుగంత లినక్స్ కంప్యూటరు ఉండేది. దాన్ని అప్‌గ్రేడు చేసే పండితుడు ప్రచండభట్టు తాటాకు చూసుకుంటూ వెయ్యి కమాండ్లు కొట్టేసరికి మూడు నెలలు పట్టేది. అన్నాళ్లూ ఆయనకీ, మూడొందలమంది శిష్యులకీ వంటశాల నుంచి గారెలు వెళ్లడం ఆనవాయితీ. పిండి రుబ్బీ రుబ్బీ వంటమనిషి దాలమ్మ భుజాలు జారి మోకాళ్ల దగ్గరికొచ్చాయి.

ఇరవై ఏళ్లుగా గారెలు మోస్తూ ఆ పనంతా చూసిన దాలమ్మ, భట్టు కునుకు తీస్తుండగా తాటాకులోని కమాండ్లన్నీ వరుసగా ఒకే ఫైలులో పెట్టి, దాన్ని నడిపించే ఒక్క కమాండు కొట్టింది. వక్క నమిలేలోపు అప్‌గ్రేడు ముగిసింది.

భట్టు భగ్గుమన్నాడు. "మహాప్రభో! పిండి రుబ్బే మనిషి తప్పుడు కమాండ్లు కొట్టింది. దేశం నుంచి తరిమేయండి!"

"అవన్నీ అయ్యగారి తాటాకులోవే, ప్రభూ," అంది దాలమ్మ. "అవి తప్పైతే ఇన్నేళ్లూ తప్పు కొట్టింది ఆయనేగా? నన్నొక్కదాన్నే తరమకండి, ఆయన్నీ పంపండి, దారికి తోడుంటారు."

రాజు మీసం దువ్వాడు. "చెప్పు భట్టూ, ప్రయాణానికి మూట ఒకటి కట్టించనా, రెండా?"

భట్టు గబగబా చేతులు జోడించాడు.

"మూటలెందుకు ప్రభూ! కమాండ్లు... బ్రహ్మాండంగా ఉన్నాయి."

ఆనాటి నుంచీ పిప్పలపురిలో అప్‌గ్రేడంటే దాలమ్మ కమాండే.