దాలినాయుడి లక్క పైపు

అనకాపల్లి అవతల, జీడిమామిడి తోటల మధ్య ఉన్న సీతన్నవలసలో దాలినాయుడు అనే జీడిపిక్కల బేరగాడు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, తనకంటే ఒక మెట్టు పైనున్నవాళ్ళు కనిపిస్తే చాలు, తానూ ఆ మెట్టు మీదే పుట్టానని చెప్పుకోకుండా ఉండలేకపోయేవాడు. తాసిల్దారు ఎదురైతే తనకూ చదువు అబ్బిందనేవాడు. డాక్టరు ఎదురైతే తన చేతిలోనూ హస్తవాసి ఉందనేవాడు. ఊళ్ళో వాళ్ళు నవ్వుకుని ఊరుకునేవారు. బడాయి వల్ల ఇంతవరకు ఎవరికీ నష్టం రాలేదు, అందుకని అది తగ్గనూ లేదు.

ఆ ఊరి చివర కెప్టెన్ జగ్గారావుగారికి మంచి కాపు కాసే జీడితోట ఉంది. ఆయన పటాలంలో పనిచేసి వచ్చినవాడు. వయసు మీద పడి, విశాఖపట్నంలో కూతురి దగ్గరకు వెళ్ళిపోదామనుకున్నాడు. తోటను ఎవరికైనా పాలుకు ఇచ్చి, పంటలో సగం తాను తీసుకుందామని ఆయన ఆలోచన. ఆ తోట మీద దాలినాయుడు పంచప్రాణాలూ పెట్టుకున్నాడు. ఎన్నాళ్ళుగానో వాళ్ళ పిక్కలు వీళ్ళకూ, వీళ్ళ పిక్కలు వాళ్ళకూ బేరం కుదిర్చి, అరిగిన చెప్పులతో తిరుగుతున్నాడు. ఇంటి పైకప్పు వానొస్తే కారుతోంది. తోట చేతికొస్తే కప్పు బాగవుతుంది, గుమ్మం గుమ్మం తిరిగే బాధ తప్పుతుంది.

ఒకనాడు ఆ సంగతి అడగడానికి కెప్టెన్ గారి వరండాలోకి వెళ్ళాడు. ఆయన పడక్కుర్చీలో కూర్చుని పైపు కాలుస్తున్నాడు.

"పొగ నీకు ఇబ్బందిగా లేదు కదా?" అన్నాడు కెప్టెన్, మర్యాదకు.

అవతలివాడు మర్యాదకు అడిగితే ఇబ్బంది లేదని మర్యాదగా చెప్పి ఊరుకోవాలి. దాలినాయుడు ఊరుకోలేదు.

"ఇబ్బందేమిటండీ! నాకూ పైపే అలవాటు. చేత్తో చేసిన పైపు. మా తాతగారి నాటిది," అన్నాడు.

అప్పటికి అతని చెవి వెనకాల సగం కాల్చి ఆర్పిన చుట్ట ఉంది. కెప్టెన్ దాన్ని చూశాడో లేదో గానీ, ముఖం మాత్రం వెలిగిపోయింది.

"అలాగా! ఈ చుట్టుపక్కల నాకు తోడు దొరకడని బెంగపెట్టుకున్నాను. ఆదివారం నీ పైపు తెచ్చుకో. ఇద్దరం కలిసి కాల్చుకుందాం, తోట సంగతీ తేల్చుకుందాం," అన్నాడు.

దాలినాయుడు ఇంటికొచ్చి భార్య వరహాలమ్మను డబ్బు అడిగాడు. ఆవిడ కప్పు కోసం దాచిన దాంట్లోంచి కొంత తీసి, రెండుసార్లు వెనక్కి లాక్కుని, మూడోసారి ఇచ్చింది.

"తోట వస్తాదంటే ఇస్తన్నాను. ఇందులోనే సూసుకో. మళ్ళీ అడిగితే నాకాడ లేదు," అంది.

విశాఖపట్నంలో ఓడల వాళ్ళకు సరుకులు అమ్మే కొట్టొకటి వెతికి పట్టుకున్నాడు దాలినాయుడు. కొట్టతను రెండు పైపులు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఫ్యాక్టరీలో మిషను మీద చేసింది. సాదాగా ఉంటుంది, కానీ చెయ్యి కాలదు, పొగ చక్కగా లాగుతుంది. ఇదేమో చేత్తో చెక్కింది. ఇలాంటిది ఇంకోటి ఉండదు," అన్నాడు.

చేత్తో చెక్కినదాని ధర విని దాలినాయుడు దాన్ని నిప్పు ముట్టుకున్నట్టు కింద పెట్టేశాడు. మిషనుదానికి వరహాలమ్మ ఇచ్చిన డబ్బు సరిగ్గా సరిపోతుంది.

"మీరు కొత్తగా మొదలుపెడుతున్నారా? అయితే మొదటిదే తీసుకోండి. పొగాకు ఎలా కూరాలో, ఎంత నెమ్మదిగా పీల్చాలో నేను చూపిస్తాను," అన్నాడు కొట్టతను.

"కొత్తా? మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే!" అన్నాడు దాలినాయుడు. అంటున్నప్పుడు పైపును తలకిందులుగా పట్టుకుని ఉన్నాడు.

"అయితే మీకు నేను చెప్పేదేముంది?" అని కొట్టతను నోరు మూసుకున్నాడు.

దాలినాయుడు అక్కడే నిలబడి ఆలోచించాడు. మిషను సరుకు నోట్లో పెట్టుకుంటే కెప్టెన్ ఒక్క చూపులో పసిగట్టేస్తాడు. తాతగారి కాలంలో ఫ్యాక్టరీ ఎక్కడిదంటాడు. చేత్తో చేసింది కొందామంటే చేతిలో అంత డబ్బు లేదు. ఒక పొగాకు డబ్బా మాత్రం కొనుక్కుని, దిగులుగా బస్సెక్కాడు.

దారిలో లక్కబొమ్మలు చేసే ఊరొకటి వచ్చింది. రోడ్డు పక్కన ఎర్రవీ పసుపువీ బొమ్మలు వేలాడుతున్నాయి. వాటిని చూడగానే దాలినాయుడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. చేత్తో చేసినదే కదా కావాలి! ఈ ఊళ్ళో చేత్తో చేయనిది ఏముంది? అలాంటి మెరుపులు వచ్చినప్పుడు కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోవడం మంచిది. అతను కళ్ళు మూసుకోలేదు, బస్సు దిగాడు.

బొమ్మలు చేసే గంగులు, కర్రను తిప్పి చెక్కే చరకీ ముందు కూర్చుని ఉన్నాడు. గిర్రున తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనించాడు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ ఎర్రగా పాకింది. దాని మీద మొగలి ఆకు పెట్టి రుద్దితే అద్దంలా మెరిసింది. దాలినాయుడు అదంతా కళ్ళారా చూశాడు. చూసి, ఎంత బాగుందో అనుకున్నాడు. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

"నాకు పొగతాగే పైపు ఒకటి చేసిపెట్టు," అన్నాడు.

గంగులు చరకీ ఆపాడు. "కాల్సుకోడానికా బాబూ, సూపించుకోడానికా?"

"తేడా ఏమిటి?"

"కాల్సుకోడానికైతే సింతసేవ కర్ర తేవాల. ఎండబెట్టాల. లక్క ఎయ్యకూడదు. ఇయ్యాల అవదు, కరీదూ ఎక్కువే. సూపించుకోడానికైతే బొమ్మలు సేసే మెత్తటి అంకుడు కర్రతో ఇప్పుడే తీసేస్తాను. మీద లక్కేస్తే నవనవలాడిపోద్ది. పిల్లల బొమ్మ కరీదే ఇయ్యండి."

పిల్లల బొమ్మ ఖరీదు! మిషను పైపులో సగం కూడా లేదు. నాలుగు దమ్ములు లాగితే అంతలోనే ఏమైపోతుంది అనుకున్నాడు దాలినాయుడు.

"చూపించుకోడానికేలే. నాటకంలో దొరవేషం," అన్నాడు.

"మరి నిప్పెట్టకండి బాబూ."

"ఛ, నిప్పెందుకు పెడతాను!"

పైపు తయారైంది. గిన్నె ఎర్రగా, కాడ పసుపుపచ్చగా ఉంది. దాలినాయుడు ముచ్చటపడి, మిగిలిన డబ్బుతో జరీ అంచు కండువా కూడా కొన్నాడు. ఇంటికి తెచ్చి చూపిస్తే వరహాలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటయ్యా, ఊదితే మోగుతాదా?"

"పైపే! సేత్తో సేసింది."

"మన పొయ్యి కూడా నాను సేత్తో సేసిందే. దాన్నీ అట్టుకెళ్ళు," అంది వరహాలమ్మ.

ఆదివారం దాలినాయుడు తెల్లటి పంచె కట్టి, జరీ కండువా వేసుకుని కెప్టెన్ గారి వరండాలో కూర్చున్నాడు. కెప్టెన్ ఆ పైపును చూసి కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"మీ తాతగారి నాటిదా? నిన్న చేసినట్టు మెరుస్తోందే!"

"రోజూ తుడుస్తానండి."

ఇద్దరూ వెలిగించారు. కెప్టెన్ తాపీగా పీల్చాడు. దాలినాయుడు చుట్ట లాగినట్టు గుప్పుగుప్పున లాగాడు. కాసేపటికి వరండా అంతా పోస్టాఫీసులో సీలు వేస్తున్న వాసన వచ్చింది.

"ఎక్కడో లక్క కాలుతోందా?" అన్నాడు కెప్టెన్.

"పాత రకం పొగాకండి. ఆ రోజుల్లో వాసనే వేరు."

అంతలో ఎర్రటి బొట్టొకటి తెల్లటి పంచె మీద పడింది. కెప్టెన్ "అయ్యో, రక్తం!" అని లేచాడు. దాలినాయుడు గాభరాగా పైపు గిన్నెను గుప్పిట్లో పట్టుకున్నాడు. అరచేయి చురుక్కుమంది, కరిగిన లక్క దానికి అంటుకుంది. గబుక్కున పైపును రెండో చేతిలోకి మార్చి, ముఖానికి పట్టిన చెమటను కాలిన చేత్తోనే తుడుచుకున్నాడు. పైపెదవి మీదకు వచ్చేసరికి ఆ చెయ్యి ఆగిపోయింది. అరచేతిలోని లక్క చల్లారి మీసాన్ని పట్టేసుకుంది. ఈలోగా అంకుడు కర్రకు మంట అంటుకుంది. పైపు కిందపడితే వంటమనిషి పరుగున వచ్చి చెంబుడు నీళ్ళు కుమ్మరించాడు.

"ఏం జరిగింది? చెయ్యి తీసి మాట్లాడవయ్యా!" అన్నాడు కెప్టెన్.

"తీయలేనండి," అన్నాడు దాలినాయుడు చేతి వెనకాల నుంచి.

జమీందారుల ముందు నౌకర్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవారని మనం వింటూ ఉంటాం. దొరగారితో సమానంగా కూర్చుందామని వచ్చిన దాలినాయుడు అచ్చం ఆ నౌకరులాగే నిలబడి, తాతగారికి పైపు లేదనీ, తనకు చుట్టే అలవాటనీ, బొమ్మలాయనకు నాటకమని చెప్పి చవగ్గా చేయించాననీ మొత్తం కక్కేశాడు.

కెప్టెన్ కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాడు. వంటమనిషి కొబ్బరినూనె రాసి, గోరువెచ్చటి గుడ్డ అద్ది, చేతిని మెల్లగా ఊడదీశాడు. సగం మీసం చేతితో పాటే వచ్చేసింది. కెప్టెన్ నవ్వుతూనే ఉన్నాడు గనక గండం గడిచిందనుకుని దాలినాయుడు కూడా నవ్వాడు.

"నా పైపు చూశావా?" అన్నాడు కెప్టెన్. "మిషను సరుకే. పటాలంలో ఉన్నప్పుడు కొన్నాను. నా జీతానికి అదే అందింది, ఇప్పటికీ పొగ బాగానే లాగుతోంది. నువ్వు చుట్ట తెచ్చుకున్నా నేను పక్కనే కూర్చుని కాల్చేవాణ్ణి కదయ్యా!"

"తప్పయిపోయిందండి. మరి తోట సంగతి?" అన్నాడు దాలినాయుడు.

అప్పుడు కెప్టెన్ నవ్వు ఆగింది.

"తోట నీకే ఇద్దామని పోయిన వారమే అనుకున్నాను. కష్టపడే మనిషివి. కానీ నేను విశాఖలో ఉంటాను, పిక్క ఎంత రాలిందో నువ్వు చెబితేనే నాకు తెలిసేది. పైసా లాభం లేని పైపు గురించే ఇంత కథ అల్లావు. లాభమున్న పిక్కల గురించి నువ్వు నిజమే చెబుతున్నా, నేను నమ్మలేను. ఏమీ అనుకోకు," అన్నాడు. తోట మరొకరికి పాలుకు వెళ్ళిపోయింది.

దాలినాయుడికి కెప్టెన్ మీద కోపం రాలేదు. ఎవరి మీదైనా కోపం తెచ్చుకోవాలి గనక గంగులు మీద తెచ్చుకున్నాడు. నేరుగా అక్కడికి వెళ్ళి, "నీ పైపు నా కొంప ముంచింది!" అని కేకలేశాడు.

"సూపించుకోడానికే అన్నారు కదా బాబూ. సూసారా, సూళ్ళేదా?" అన్నాడు గంగులు.

"చూశారు."

"బాగుందన్నారా?"

"మెరుస్తోందన్నారు."

"మరింకేటి?" అని గంగులు చరకీ తిప్పుకున్నాడు.

ఇక ఇంటికి వెళ్ళక తప్పలేదు. సగం మీసంతో గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసి వరహాలమ్మ పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి, కడుపు పట్టుకుని, "తోట ఏటయింది?" అని అడిగింది. అతను చెప్పాడు. ఆవిడ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆవిడ లోపలికి వెళ్ళి, గిన్నెలూ తప్పేలాలూ ఒక్కొక్కటే తెచ్చి, నీళ్ళు కారే చోట్ల పెట్టసాగింది. తిట్టినా బాగుండునని దాలినాయుడికి అనిపించింది. కాసేపు చూసి, జరీ కండువా తీసి పక్కన పడేసి, తానూ ఒక గిన్నె అందుకున్నాడు. సిగ్గుతో అతని కళ్ళు నిండాయి.

నీతి: చేత్తో చేసినదైనా, మిషను మీద చేసినదైనా, మన అవసరానికీ మన స్తోమతకూ తగినదే కొనుక్కోవాలి, లేని గొప్ప చూపించుకోవాలని అబద్ధమాడితే, కొన్న వస్తువు ఎలాగూ పాడవుతుంది, దానితో పాటు మన మాట మీద ఎదుటివాడికి ఉన్న నమ్మకమూ పోతుంది.